లైనక్స్ లాప్‌టాప్‌లో సిమ్ నెట్: ఫోనా, డాంగిలా, లోపలి కార్డా?

ఊరికి ఫైబర్ ఇంకా రాలేదు. లేదా వచ్చింది కానీ మీరు ఉండేది ఏడాదికోసారి మారే అద్దె గది. లాప్‌టాప్‌లో ఉబుంటు, మింట్, ఫెడోరా, ఏదో ఒకటి వేసుకున్నారు. ఆన్‌లైన్ క్లాసైనా ఆఫీసు పనైనా సిమ్ మీద వచ్చే నెట్‌తోనే నడవాలి. ఆ నెట్‌ని లాప్‌టాప్‌లోకి తెచ్చే దారులు చాలానే ఉన్నాయి: ఫోన్‌కి కేబుల్ తగిలించడం, ఫోన్ హాట్‌స్పాట్, యూఎస్‌బీ డాంగిల్, జేబులో పట్టే వైఫై రూటర్, లాప్‌టాప్ లోపలే సిమ్ పెట్టుకునే మోడెమ్ కార్డు. ఇల్లు కదలనివాళ్లకి డాబా మీద యాంటెన్నాతో వచ్చే ఎయిర్‌ఫైబర్ కూడా ఉంది.

వీటిని వేగాన్ని బట్టి పోల్చి చూడటం వల్ల పెద్దగా ఒరిగేదేమీ లేదు. వేగం ఎక్కువగా టవర్ని బట్టి, మీ గది గోడల్ని బట్టి ఉంటుంది. అసలు తేడా తెలిసేది నెట్ ఆగిపోయిన రోజున. అప్పుడు ఎన్ని చోట్ల వెతకాలి అన్నదే నేను చూసే లెక్క. సిమ్‌ని గుర్తుపట్టడం, టవర్‌తో మాట్లాడటం, ఏపీఎన్ (సిమ్ కంపెనీ నెట్‌లోకి వెళ్లే గేటు పేరు) ఇచ్చి లైన్ తెచ్చుకోవడం అనే పనులన్నీ బయటి పరికరమే చేసుకుంటే లైనక్స్‌కి అదొక మామూలు నెట్‌వర్క్ కార్డులా కనిపిస్తుంది, అంతే. ఈథర్నెట్ వైరు పెట్టినంత తేలిక. అదే మోడెమ్‌ని లైనక్సే నడపాల్సి వస్తే కెర్నల్ (లైనక్స్ గుండెకాయ) డ్రైవరు, మోడెమ్‌ని నడిపే మోడెమ్‌మేనేజర్, కనెక్షన్లన్నీ చూసుకునే నెట్‌వర్క్‌మేనేజర్, సిమ్ పిన్, ఏపీఎన్ అన్నీ మన నెత్తిన పడతాయి. అందుకే, మోడెమ్ నడిపే బాధ్యత లాప్‌టాప్ బయట ఉండే దారినే ముందు ఎంచుకోమంటాను. లోపలి కార్డు అందంగా ఉంటుంది, నిజమే. కానీ అది ఎవరికి సరిపోతుందో చూసుకుని తీసుకోవాలి.

ఫోన్, ఒక మంచి కేబుల్

ఆండ్రాయిడ్ ఫోన్‌ని కేబుల్‌తో లాప్‌టాప్‌కి కలపండి. సెట్టింగ్స్‌లో హాట్‌స్పాట్ ఉన్న పేజీలోనే యూఎస్‌బీ టెథరింగ్ అని ఉంటుంది, దాన్ని ఆన్ చేయండి. కొన్ని సెకన్లలో లాప్‌టాప్‌లో వైర్డ్ కనెక్షన్ వచ్చేస్తుంది. డ్రైవర్ ఎక్కించే పని లేదు, పాస్‌వర్డ్ కొట్టే పని లేదు. చాలా ఫోన్లు ఆర్‌ఎన్‌డీఐఎస్ పద్ధతిలో పనిచేస్తాయి, కొత్త పిక్సెల్ లాంటివి ఎన్‌సీఎం పద్ధతిలో. రెండింటి డ్రైవర్లూ లైనక్స్ కెర్నల్‌లోనే ఉన్నాయి. పైగా ఫోన్ చార్జ్ అవుతూనే ఉంటుంది.

చాలామందికి తెలియని సంగతి ఇంకొకటుంది. ఫోన్ ఏదైనా వైఫైలో ఉన్నప్పుడు టెథరింగ్ ఆన్ చేస్తే లాప్‌టాప్‌కి ఆ వైఫై నెట్టే వస్తుంది. అంటే మీ ఫోన్ లాప్‌టాప్‌కి వైఫై కార్డులా పనికొస్తుంది. లైనక్స్ కొత్తగా వేసిన లాప్‌టాప్‌లో ఇది ప్రాణం నిలబెడుతుంది. బ్రాడ్‌కామ్ చిప్ ఉన్న పాత మెషీన్లలో, కొన్ని రియల్‌టెక్ చిప్‌లు ఉన్న కొత్త మెషీన్లలో మొదటి రోజు వైఫై కనిపించదు. డ్రైవర్ దించుకుందామంటే నెట్ కావాలి, నెట్ కావాలంటే డ్రైవర్ కావాలి. ఫోన్ కేబుల్ పెట్టండి, డ్రైవర్ దించుకోండి, ముడి వీడిపోతుంది. డెబియన్ అయితే 2023లో వచ్చిన 12వ వెర్షన్ నుంచి చిప్‌లకి కావాల్సిన ఫర్మ్‌వేర్ ఫైళ్లను ఇన్‌స్టాలర్‌లోనే పెట్టి ఇస్తోంది కాబట్టి అక్కడ ఈ బాధ తగ్గింది.

ఇది పనిచేయకపోతే చూడాల్సినవి తక్కువే. మొదట అనుమానించాల్సింది కేబుల్‌ని. చార్జింగ్‌కి మాత్రమే పనికొచ్చే కేబుళ్లలో డేటా తీగలు ఉండవు. ఫోన్ చార్జ్ అవుతుంది కానీ టెథరింగ్ బటన్ మసకగానే ఉండిపోతుంది. టెర్మినల్‌లో ఎల్‌ఎస్‌యూఎస్‌బీ ఆదేశం ఇచ్చి చూడండి. జాబితాలో ఫోన్ కంపెనీ పేరు లేకపోతే తప్పు కేబుల్‌ది లేదా పోర్టుది, లైనక్స్‌ది కాదు. పేరు ఉండీ నెట్ లేకపోతే టెథరింగ్ ఆఫ్ చేసి మళ్లీ ఆన్ చేయండి. కేబుల్ తీసిన ప్రతిసారీ టెథరింగ్ ఆఫ్ అయిపోతుందని విసుగొస్తే, ఫోన్‌లో డెవలపర్ ఆప్షన్స్ తెరిచి డీఫాల్ట్ యూఎస్‌బీ కాన్ఫిగరేషన్ దగ్గర యూఎస్‌బీ టెథరింగ్ ఎంచుకోండి. ఇక కేబుల్ పెట్టగానే దానంతటదే వస్తుంది.

ఐఫోన్ కూడా పనిచేస్తుంది. దాని డ్రైవరూ కెర్నల్‌లో ఉంది కానీ యూఎస్‌బీమక్స్‌డీ అనే ప్యాకేజీ ఉండాలి. మొదటిసారి కలిపినప్పుడు ఈ కంప్యూటర్‌ని నమ్మాలా అని ఫోన్ అడుగుతుంది, ఫోన్ లాక్ తీసి ఒప్పుకోవాలి. ఈ అడుగు వదిలేస్తే ఎంతసేపు చూసినా నెట్ రాదు.

లోటు ఒకటే. ఫోన్ మీతో బయటికి వెళ్తే ఇంట్లో లాప్‌టాప్‌కి నెట్ ఉండదు. అమ్మానాన్నల ఫోన్‌తో చదువుకునే పిల్లలున్న ఇంట్లో ఇది చిన్న లోటు కాదు.

అదే ఫోన్, గాలిలో

హాట్‌స్పాట్ సౌకర్యమే. ఇద్దరు ముగ్గురు కలిసి వాడుకోవచ్చు, కేబుల్ అక్కర్లేదు. కానీ దారిలో ఒక రేడియో లింకు ఎక్కువైంది, దానితోపాటు వెతకాల్సిన చోట్లూ పెరిగాయి.

మన దగ్గర దీనికొక ప్రత్యేకమైన చిక్కు ఉంది. జియో, ఎయిర్‌టెల్ వాడే 4జీ బ్యాండ్లలో 40వ బ్యాండ్ 2300 నుంచి 2400 మెగాహెర్ట్జ్ దాకా ఉంటుంది. 2.4 గిగాహెర్ట్జ్ వైఫై దాదాపు అక్కడే మొదలవుతుంది. ఒకే ఫోన్‌లో, ఒకే చోట ఈ రెండు రేడియోలూ పక్కపక్క పౌనఃపున్యాల్లో పనిచేస్తుంటే ఒకటి ఇంకోదాన్ని ఇబ్బంది పెడుతుంది. ఫోన్‌లో స్పీడ్ టెస్ట్ బాగుండి, హాట్‌స్పాట్ మీద లాప్‌టాప్‌లో నీరసంగా ఉంటే ముందు హాట్‌స్పాట్‌ని 5 గిగాహెర్ట్జ్‌కి మార్చి చూడండి. గోడల్ని అంత బాగా దాటదు కానీ ఒకే గదిలో అయితే తేడా తెలుస్తుంది. కేబుల్ పెడితే ఈ గొడవే ఉండదు.

అమెరికా నుంచి బంధువులు తెచ్చిన లాప్‌టాప్ అయితే ఇంకో సంగతి. 2.4 గిగాహెర్ట్జ్‌లో 12, 13 చానెళ్లు మన దేశంలో వాడతారు, అమెరికాలో వాడరు. వైఫై కార్డు అమెరికా నిబంధనలతో నడుస్తుంటే ఆ చానెళ్లలో ఉన్న హాట్‌స్పాట్ పేరే జాబితాలో కనబడదు. పక్కవాళ్ల ఫోన్లకి కనిపిస్తుంది, మీ లాప్‌టాప్‌కి కనిపించదు. టెర్మినల్‌లో ఐడబ్ల్యూ రెగ్ గెట్ అని ఇస్తే ఏ దేశం కోడ్ నడుస్తోందో చూపిస్తుంది. దాన్ని ఇండియా కోడ్‌కి మార్చవచ్చు. కొన్ని కార్డులు మాట వినవు, అప్పుడు హాట్‌స్పాట్ బ్యాండే మార్చుకోవాలి.

పేరు కనిపించి, పాస్‌వర్డ్ సరిగ్గా ఇచ్చినా మళ్లీ మళ్లీ అడుగుతుంటే హాట్‌స్పాట్ భద్రతను డబ్ల్యూపీఏ3 నుంచి డబ్ల్యూపీఏ2కి దించి చూడండి. పాత వైఫై చిప్‌లు డబ్ల్యూపీఏ3తో కుదరవు. కనెక్ట్ అయ్యాక కాసేపటికోసారి నత్తనడక పడితే వైఫై పవర్ సేవింగ్ మీద అనుమానపడాలి. ఉబుంటులో నెట్‌వర్క్‌మేనేజర్ సెట్టింగుల ఫైల్లో వైఫై పవర్‌సేవ్ విలువ 3 ఉంటుంది. దాన్ని 2 చేస్తే పవర్ సేవింగ్ ఆగుతుంది.

బ్లూటూత్ మీద కూడా నెట్ పంచుకోవచ్చు. మెయిల్ చూసుకోవడానికి తప్ప ఆ వేగం ఎందుకూ చాలదు.

డాంగిల్: కొనేముందు అడగాల్సినవి

ఎక్కువ మంది డబ్బు పోగొట్టుకునేది ఇక్కడే, అందుకని కొంచెం వివరంగా చెప్తాను.

ఇంట్లో పాత డాంగిల్ ఉంది, దానికి సిమ్ వేస్తే చాలదా అని అడుగుతుంటారు. దాదాపు ఎప్పుడూ చాలదు. ఫోటాన్, నెట్‌కనెక్ట్ డాంగిళ్లు సీడీఎంఏ అనే పాత పద్ధతివి, ఆ నెట్‌వర్కులే ఇప్పుడు లేవు. హువావే, జెడ్‌టీఈ పాత డాంగిళ్లు చాలా మటుకు 3జీవి. జియోకి 2జీ, 3జీ మొదటి నుంచీ లేవు, ఎయిర్‌టెల్ 3జీని ఆపేసింది. 3జీ డాంగిల్‌లో ఎయిర్‌టెల్ సిమ్ వేస్తే 2జీ వేగం దొరుకుతుందేమో, జియో సిమ్ వేస్తే అదీ దొరకదు. లైనక్స్ ఆ డాంగిల్‌ని ఎంత చక్కగా గుర్తుపట్టినా అవతల మాట్లాడే టవర్ లేదు. ఒక కంపెనీ సిమ్‌కే లాక్ అయిన డాంగిళ్లూ ఉన్నాయి, సెకండ్ హ్యాండ్‌లో కొనేవాళ్లు ఈ మాట తప్పకుండా అడగాలి.

4జీ డాంగిళ్లలో రెండు రకాలు. స్టిక్ రకం అసలైన మోడెమ్. సీరియల్ పోర్టులు చూపిస్తుంది, లైనక్సే దాన్ని నడపాలి. రెండోది హైలింక్ రకం. హువావే ఈ పేరు పెట్టింది కానీ ఈ పద్ధతి వేరే కంపెనీలదీ అదే. ఇందులో డాంగిలే ఒక బుల్లి రూటర్. లాప్‌టాప్‌కి నెట్‌వర్క్ కార్డులా కనిపించి ఐపీ అడ్రస్ ఇచ్చేస్తుంది. హువావేది అయితే బ్రౌజర్‌లో 192.168.8.1 తెరిస్తే సిమ్, ఏపీఎన్, సిగ్నల్ అన్నీ ఆ పేజీలోనే ఉంటాయి. లైనక్స్‌కి హైలింక్ రకమే తీసుకోండి. బయటి నుంచి మీ లాప్‌టాప్‌లోకి ఎవరైనా కనెక్ట్ కావాల్సిన పని ఉంటే, లేదా మోడెమ్‌తో ప్రయోగాలు చేయాలనుకుంటే తప్ప స్టిక్‌తో లాభం లేదు. అసలు మొబైల్ కంపెనీలు ఐపీవీ4 (పాత రకం) ఐపీ అడ్రస్‌ని వేలమందికి కలిపి ఇస్తాయి కాబట్టి స్టిక్ పెట్టినంత మాత్రాన బయటివాళ్లకి దారి తెరుచుకోదు.

ఆన్‌లైన్ షాపుల్లో తక్కువ ధరకి పేరూఊరూ లేని 4జీ వైఫై డాంగిళ్లు అమ్ముతుంటారు. వాటిలో చాలావాటి లోపల ఉండేది క్వాల్‌కామ్ ఎంఎస్‌ఎం8916 చిప్, అంటే ఒకప్పటి చవక ఫోన్లలో వాడిన స్నాప్‌డ్రాగన్ 410. ఒక చిన్న ఆండ్రాయిడ్ ఫోన్‌ని స్క్రీన్ తీసేసి డాంగిల్ చేశారనుకోండి. లైనక్స్‌లో పెట్టగానే పనిచేస్తాయి. ఓపెన్‌స్టిక్ ప్రాజెక్ట్ వాళ్లు వాటిలోపలే లైనక్స్ ఎక్కించి బుల్లి సర్వర్లుగా మార్చారు, చూడముచ్చటైన పని అది. కానీ వాటి బ్యాండ్లు ఒక్కో బ్యాచ్‌కి ఒక్కోలా ఉంటాయి. డబ్బా మీద 4జీ అని ఉంటే చాలదు. జియోకి 3, 5, 40 బ్యాండ్లు ఉండాలి, ఎయిర్‌టెల్‌కి 1, 3, 8, 40 చూసుకోవాలి. ఊళ్లలో 5, 8 లాంటి తక్కువ పౌనఃపున్యపు బ్యాండ్లే దూరం వస్తాయి, గోడలు దాటతాయి. అవి లేని డాంగిల్ సికింద్రాబాద్‌లో బాగా పనిచేసి మీ ఊళ్లో చతికిలబడుతుంది.

ఇక డాంగిల్ పెట్టినా లైనక్స్‌కి తెలియడం లేదంటే కారణం చాలాసార్లు ఒకటే. చాలా డాంగిళ్లు మొదట సీడీ డ్రైవ్‌లా కనిపిస్తాయి, విండోస్ డ్రైవర్ అందులోనే పెట్టి ఇస్తారు. ఆ సీడీ వేషం విప్పి మోడెమ్‌గా మార్చేది యూఎస్‌బీ మోడ్‌స్విచ్ అనే ప్యాకేజీ. ఉబుంటు, మింట్‌లలో సాధారణంగా ఉంటుంది, ఆర్చ్ లాంటి వాటిలో మీరే వేసుకోవాలి. ఎల్‌ఎస్‌యూఎస్‌బీలో చూస్తే మారిందో లేదో తెలిసిపోతుంది. ఉదాహరణకి హువావే ఈ3372 హైలింక్ డాంగిల్ నంబరు మారకముందు 12డీ1:1ఎఫ్01, మారాక 12డీ1:14డీసీ. మొదటి నంబరు దగ్గరే ఆగిపోతే మోడ్‌స్విచ్ లేదన్నమాట. నంబరు మారీ నెట్ లేకపోతే సమస్య డాంగిల్ లోపల, అంటే సిమ్, ఏపీఎన్ దగ్గర ఉంది. ఈ ఒక్క పరీక్ష గంటల శ్రమ ఆదా చేస్తుంది.

పాత సలహాల్లో డబ్ల్యూవీడయల్, సాకిస్3జీ వాడమని ఉంటుంది. అవి ఒకప్పుడు ఆదుకున్నవే, ఇప్పుడు అక్కర్లేదు. స్టిక్ అయినా మోడెమ్‌మేనేజర్ చూసుకుంటుంది.

డాంగిల్‌ని లాప్‌టాప్‌కి నేరుగా గుచ్చకుండా అరమీటరు ఎక్స్‌టెన్షన్ కేబుల్ మీద పెట్టండి. యూఎస్‌బీ 3 పోర్టుల నుంచి 2.4 గిగాహెర్ట్జ్ ప్రాంతంలో రేడియో రొద వస్తుందని ఇంటెల్ 2012లోనే ఒక పత్రంలో చెప్పింది. పక్క పోర్టులో హార్డ్‌డిస్క్ పెట్టగానే నెట్ మందగిస్తే కారణం అదే కావచ్చు. పైగా కేబుల్ ఉంటే డాంగిల్‌ని కిటికీ దగ్గర పెట్టుకోవచ్చు. లాప్‌టాప్ బ్యాటరీ మీద ఉన్నప్పుడే డాంగిల్ పడిపోతుంటే టీఎల్‌పీ లాంటి బ్యాటరీ ఆదా ప్రోగ్రాం ఆ పోర్టుని నిద్రపుచ్చుతోందేమో చూసి, డాంగిల్‌ని మినహాయింపుల్లో చేర్చండి.

జేబు రూటర్

జియోఫై లాంటివి. సొంత బ్యాటరీ, సొంత సిమ్, సొంత వైఫై. లైనక్స్‌తో వీటికి పేచీ లేదు. ఇంట్లో రెండు లాప్‌టాపులుంటే, ఫోన్ ఇంటి యజమానితో పొలానికో ఆఫీసుకో వెళ్లిపోతుంటే డాంగిల్ కన్నా ఇదే మేలు. వీటిలో చాలావాటిని యూఎస్‌బీ కేబుల్‌తో కలిపితే ఫోన్ టెథరింగ్ లాగే వైర్డ్ కనెక్షన్ కూడా వస్తుంది. రాత్రింబవళ్లు చార్జర్‌కి పెట్టి ఉంచితే మాత్రం బ్యాటరీ ఉబ్బుతుంది. వెనక మూత లేచినట్టు కనిపిస్తే వెంటనే వాడటం ఆపండి. 5జీ సిమ్ ఉంది కదా అని 4జీ జేబు రూటర్ కొంటే దొరికేది 4జీయే.

లోపలి మోడెమ్ కార్డు

సికింద్రాబాద్‌లోని సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లో, ఆన్‌లైన్‌లో రీఫర్బిష్డ్ థింక్‌ప్యాడ్‌లు, లాటిట్యూడ్‌లు, ఎలైట్‌బుక్‌లు చాలా అమ్ముతారు. లైనక్స్‌కి చక్కటి మెషీన్లు. వాటిలో కొన్నిటికి సిమ్ పెట్టే సందు ఉంటుంది. సందు ఉంది కాబట్టి సిమ్ వేస్తే నెట్ వస్తుందనుకుంటారు. సందు ఉన్నంత మాత్రాన లోపల కార్డు ఉన్నట్టు కాదు, కార్డు ఉన్నంత మాత్రాన యాంటెన్నా తీగలు ఉన్నట్టు కాదు. కార్డు విడిగా కొని వేసుకుందామంటే మూడు చూడాలి: బీ కీ ఉన్న ఎం.2 స్లాట్ (మోడెమ్ కార్డు గుచ్చే గాడి) ఉందా, యాంటెన్నా తీగలు ఆ స్లాట్ దాకా వచ్చాయా, బయాస్ (లాప్‌టాప్ ఆన్ చేయగానే మొదట నడిచే ప్రోగ్రాం) ఆ కార్డుని ఒప్పుకుంటుందా. పాత థింక్‌ప్యాడ్‌లు తమ జాబితాలో లేని కార్డు కనిపిస్తే బూట్ కావడానికే నిరాకరిస్తాయి. మూడిట్లో ఒకటి లేకపోయినా ఆ ఆలోచన మానుకోండి.

కంపెనీయే అమర్చిన కార్డు ఉంటే కథ వేరు, అప్పుడు కార్డు పేరు తెలుసుకోవాలి. సియెర్రా వైర్‌లెస్ ఈఎం7455 అయితే లైనక్స్ డ్రైవర్ పాతదే, నమ్మదగినదే. కానీ అది అమెరికా, యూరప్‌ల కోసం చేసిన కార్డు, అందులో 40వ బ్యాండ్ లేదు. జియో సిమ్ వేస్తే 3, 5 బ్యాండ్ల మీదే నెగ్గుకు రావాలి. దాని ఆసియా తోబుట్టువు ఈఎం7430లో 40 ఉంది. ఫిబోకామ్ ఎల్850 అయితే జాగ్రత్త. అందులో ఉన్నది ఇంటెల్ ఎక్స్‌ఎంఎం7360 చిప్. యూఎస్‌బీ కాకుండా పీసీఐ అనే లోపలి లైను మీద నడిచే ఆ కార్డుకి చాలా ఏళ్లు లైనక్స్ డ్రైవరే లేదు, ఔత్సాహికులు సొంతంగా రాసిన డ్రైవర్ మీద ఆధారపడాల్సి వచ్చింది. తర్వాత వచ్చిన ఎల్860కి 5.14 కెర్నల్ నుంచి డ్రైవర్ ఉంది. 5జీ కార్డు ఎఫ్‌ఎం350కి 5.19 నుంచి ఉంది. కాబట్టి పాత కెర్నల్‌తో నడిచే డిస్ట్రో (ఉబుంటు, మింట్ లాంటి లైనక్స్ రకం) వేసి కార్డు చెడిపోయిందనుకోవద్దు.

డ్రైవర్ ఉంది, సిమ్ కనిపిస్తోంది, అయినా కనెక్ట్ కావడం లేదు. ఇక్కడ చాలామంది చేతులెత్తేస్తారు. కారణం ఎఫ్‌సీసీ లాక్. అమెరికా నియంత్రణ సంస్థ నిబంధనల కోసం లాప్‌టాప్ కంపెనీలు ఈ కార్డుల రేడియోని మొదట కట్టేసి ఉంచుతాయి, విండోస్‌లో కంపెనీ సాఫ్ట్‌వేర్ ఆ తాళం తీస్తుంది. లైనక్స్‌లో ఒకప్పుడు మోడెమ్‌మేనేజర్ కొన్ని కార్డులకి ఆ తాళం తనంతట తానే తీసేది. 1.18.4 వెర్షన్ నుంచి ఆ పని వాడేవాళ్ల ఇష్టానికి వదిలేశారు. తాళం తీసే స్క్రిప్టులు ప్యాకేజీతోపాటే వస్తాయి, ఎఫ్‌సీసీ-అన్‌లాక్ అవైలబుల్ అనే ఫోల్డర్‌లో ఉంటాయి. మీ కార్డు నంబరుకి సరిపోయే స్క్రిప్టుని ఈటీసీ కింద ఉన్న మోడెమ్‌మేనేజర్ ఫోల్డర్‌లోని ఎఫ్‌సీసీ-అన్‌లాక్‌కి లింక్ చేస్తే రేడియో లేస్తుంది. కొత్త థింక్‌ప్యాడ్ కార్డులు కొన్నిటికి లెనోవో విడిగా ఒక అన్‌లాక్ ప్రోగ్రాం విడుదల చేసింది, వాటికి అదే వాడాలి.

5జీ కార్డు కొనాలనుకునేవాళ్లు ఇంకొకటి చూసుకోవాలి. మన దేశంలో 5జీ 2022 అక్టోబర్ 1న మొదలైంది. జియోది స్టాండలోన్ 5జీ, అంటే 4జీ ఊత అక్కర్లేనిది; ఎన్28, ఎన్78 బ్యాండ్లు ముఖ్యం. ఎయిర్‌టెల్ 4జీని ఊతగా తీసుకునే పద్ధతిలో ఎన్78 మీద మొదలుపెట్టింది. స్టాండలోన్ తెలియని కార్డుకి జియో సిమ్ వేస్తే 4జీ మీదే ఉండిపోతుంది.

మరి ఇన్ని చిక్కులుంటే ఇది ఎవరికి? రోజంతా బస్సుల్లో, సైట్లలో తిరుగుతూ పనిచేసేవాళ్లకి, లాప్‌టాప్ మూత తీయగానే నెట్ ఉండాల్సినవాళ్లకి. అన్నీ కుదిరిన కార్డు ఇచ్చే సుఖం వేరే ఏదీ ఇవ్వదు. అలాంటివాళ్లు లైనక్స్‌తో అమ్మే మోడల్‌ని, లేదా అదే మోడల్‌లో అదే కార్డు పనిచేస్తోందని ఖాయంగా తెలిసినదాన్ని కొనాలి. కొనేముందే లైనక్స్ లైవ్ పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి, మీ సిమ్ వేసి చూడనివ్వమని అడగండి. ఒప్పుకోకపోతే ఆ కార్డుకి విలువ కట్టకుండా బేరమాడండి.

ఇల్లు కదలకపోతే

జియో ఎయిర్‌ఫైబర్ 2023 సెప్టెంబర్‌లో హైదరాబాద్‌తో కలిపి ఎనిమిది నగరాల్లో మొదలైంది, ఎయిర్‌టెల్‌ది అంతకు నెల ముందు ఢిల్లీ, ముంబైలలో వచ్చింది. డాబా మీద యాంటెన్నా పెట్టె, ఇంట్లో రూటర్. రూటర్ నుంచి ఈథర్నెట్ వైరు తీసుకోవచ్చు కాబట్టి లైనక్స్ వైపు వెతికే పనే దాదాపు ఉండదు. మీ వీధికి వస్తుందంటే, ఒకచోటే ఏడాది ఉంటామంటే మిగతావి ఆలోచించక్కర్లేదు. కరెంటు పోతే రూటరూ పోతుంది, ఆ పూటకి ఫోన్ కేబుల్ ఉండనే ఉంది.

నెట్ ఆగినప్పుడు ఏ వరుసలో చూడాలి

పరికరం ఏదైనా పైనుంచి కిందకి కాక కిందనుంచి పైకి వెళ్లండి. ఎల్‌ఎస్‌యూఎస్‌బీలో పరికరం కనిపిస్తోందా? లోపలి కార్డు పీసీఐ మీద ఉంటే ఎల్‌ఎస్‌పీసీఐలో? లేకపోతే కేబుల్, పోర్టు, మోడ్‌స్విచ్. కనిపిస్తుంటే ఆర్‌ఎఫ్‌కిల్ లిస్ట్ ఇచ్చి రేడియో ఆఫ్‌లో లేదని చూసుకోండి. కీబోర్డు మీద విమానం బొమ్మ మీట తగిలి ఆగిపోవడం తరచూ జరిగేదే.

స్టిక్‌కి, లోపలి కార్డుకి మోడెమ్‌మేనేజర్ ఆదేశం ఎంఎంసీఎల్‌ఐ మంచి సాక్షి. హైఫన్ పెట్టి పెద్ద ఎల్ ఇస్తే మోడెమ్‌ల జాబితా, హైఫన్ చిన్న ఎం పక్కన మోడెమ్ నంబరు ఇస్తే దాని స్థితి వస్తుంది. స్థితి దగ్గర ఫెయిల్డ్, సిమ్ మిస్సింగ్ అని ఉంటే సిమ్ తీసి తుడిచి పెట్టండి. లాక్డ్ అంటే సిమ్ పిన్ అడుగుతోంది. సెర్చింగ్ దగ్గరే ఉంటే సిగ్నల్ లేదు, లేదా మీ బ్యాండ్ ఆ పరికరంలో లేదు. రిజిస్టర్డ్ అయి కనెక్టెడ్ కాకపోతే ఏపీఎన్ చూడండి. జియోకి జియోనెట్, బీఎస్ఎన్ఎల్‌కి బీఎస్ఎన్ఎల్‌నెట్, ఎయిర్‌టెల్‌కి ఎయిర్‌టెల్‌జీపీఆర్ఎస్ డాట్ కామ్, ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో, మధ్యలో ఖాళీ లేకుండా. జియో నెట్‌వర్క్ ఐపీవీ6 మీద గట్టిగా ఆధారపడుతుంది కాబట్టి ఏపీఎన్ రకం పాత ఐపీవీ4, కొత్త ఐపీవీ6 రెండూ ఉండేట్టు పెట్టండి. ఒక్క ఐపీవీ4 పెట్టి కనెక్ట్ కాలేదని తిట్టుకున్నవాళ్లున్నారు. స్లీప్ నుంచి లేచాక మోడెమ్ మాయమైతే మోడెమ్‌మేనేజర్ సర్వీసుని రీస్టార్ట్ చేస్తే చాలాసార్లు తిరిగొస్తుంది.

సిగ్నల్ గీతల్ని నమ్మొద్దు. ఎంఎంసీఎల్‌ఐలోనో డాంగిల్ పేజీలోనో సిగ్నల్ బలం చెప్పే ఆర్‌ఎస్‌ఆర్‌పీ అంకె చూడండి. మైనస్ 80 చుట్టుపక్కల ఉంటే బాగుంది, మైనస్ 100 దగ్గర నడుస్తుంది, మైనస్ 110 దాటితే ఏ సెట్టింగూ కాపాడలేదు. అప్పుడు చేయాల్సింది పరికరాన్ని కిటికీ దగ్గరికి జరపడం.

కనెక్ట్ అయిందంటుంది కానీ పేజీ తెరుచుకోదు అంటే టెర్మినల్‌లో 1.1.1.1కి పింగ్ (అవతలి నుంచి జవాబు వస్తుందా అని చూసే ఆదేశం) కొట్టండి. జవాబు వచ్చి పేజీ రాకపోతే డీఎన్ఎస్ (సైటు పేరుని ఐపీ అడ్రస్‌గా మార్చే ఏర్పాటు) సమస్య. జవాబే రాకపోతే, వైఫై, డాంగిల్ రెండూ ఒకేసారి ఆన్‌లో ఉన్నాయేమో చూడండి. నెట్‌వర్క్‌మేనేజర్ ముందు వైర్డ్‌ని, తర్వాత వైఫైని, ఆఖరున మొబైల్ మోడెమ్‌ని ఎంచుకుంటుంది. ఆగిపోయిన వైఫై ఒకటి ముందు నిలబడి బాగున్న స్టిక్ డాంగిల్‌ని వాడనివ్వకపోవచ్చు. వైఫై ఆఫ్ చేసి చూస్తే తేలిపోతుంది. ఇంకా ముందు చూడాల్సింది, ఆ రోజు డేటా మిగిలిందా అని. కోటా అయిపోయాక వచ్చే 64 కేబీపీఎస్ మీద పింగ్ వస్తుంది, పేజీ రాదు. అచ్చం డ్రైవర్ సమస్యలాగే ఉంటుంది.

ఆ డేటా ఎటు పోతోందో కూడా లైనక్స్‌లో మీరే కట్టుదిట్టం చేసుకోవాలి. రోజుకి గిగాబైటున్నర ప్లాన్ మీద ఉబుంటు తనంతట తాను అప్‌డేట్లు దించుకుంటే పొద్దున్నే కోటా సగం ఖాళీ. ఆండ్రాయిడ్ ఫోన్ టెథరింగ్‌ని నెట్‌వర్క్‌మేనేజర్ చాలాసార్లు తనే మీటర్డ్ లైన్‌గా, అంటే డేటా పరిమితి ఉన్నదిగా గుర్తిస్తుంది. డాంగిల్, జేబు రూటర్ల విషయంలో గుర్తించదు. ఆ కనెక్షన్ సెట్టింగుల్లోకి వెళ్లి మీటర్డ్ అని టిక్ పెట్టండి. అది స్నాప్ ప్యాకేజీలకి (ఉబుంటులో తమంతట తాము అప్‌డేట్ అయ్యే ప్రోగ్రాములు) చాలదు, వాటికి విడిగా రిఫ్రెష్.మీటర్డ్ విలువను హోల్డ్ అని పెట్టాలి. అప్‌డేట్లు మానేయకండి, వారానికోసారి మంచి వైఫై దొరికిన చోట దించుకోండి.